పుప్పొడి లేని రెండు చెట్లు: పొదలకూరు నిమ్మ, కనిగిరి బత్తాయిల కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా పొదలకూరు ప్రాంతంలోని ఒక నిమ్మతోటలో గింజలేని కాయలు కాసే చెట్టు ఒకటి, ప్రకాశం జిల్లా కనిగిరి వైపు ఒక బత్తాయి తోటలో పుప్పొడి లేని పూలు పూసే కొమ్మ ఒకటి ఇంచుమించు ఒకే కాలంలో నా పరిశీలనకు వచ్చాయి. రెండు చోట్లా పూలలోని పరాగకోశాలు పాలిపోయి, సన్నగా ముడుచుకుపోయి, గోటితో నలిపినా పసుపు పొడి అంటని స్థితిలో ఉన్నాయి. అయితే నిమ్మచెట్టు కాయలను అడ్డంగా కోస్తే గింజ అరుదుగా తప్ప కనిపించలేదు. బత్తాయి కొమ్మ కాయల్లో మాత్రం అదే చెట్టు మీది మిగతా కొమ్మల కాయల్లో ఉన్నన్ని గింజలూ ఉన్నాయి. పైకి ఒకే లక్షణంగా కనిపించిన ఈ పురుష వంధ్యత్వానికి, అంటే పనిచేసే పుప్పొడి లేకపోవడానికి, రెండు చెట్లలో వేర్వేరు జన్యు కారణాలు ఉన్నాయని తేల్చిన పరీక్షలను, వాటిని బట్టి తీసుకున్న నిర్ణయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

పొదలకూరు రైతు తన చెట్టు నుంచి కన్నులు, అంటే అంటు కట్టడానికి వాడే మొగ్గలు, ఇచ్చేందుకు ఒక నర్సరీతో అప్పటికే మాట ఇచ్చి ఉన్నారు. గింజలేని నిమ్మ అనే పేరుతో మొక్కలు అమ్మాలన్నది ఆ నర్సరీ ఆలోచన. ఆ సంగతి బంధువుల ద్వారా విన్న కనిగిరి రైతు, తన తోటలోనూ పొడి లేని పూలు పూసే కొమ్మ ఉందని గుర్తుకు తెచ్చుకుని, కాయ కోసి చూడకుండానే ఆ కొమ్మ కన్నులతో ఒక వరుస మొక్కలు కట్టించి నాటించారు. తరువాతి కాపులో ఆ కొమ్మ కాయలు కోసి చూసినప్పుడు ఆయన వేసిన ప్రశ్న ఈ కేసు మొత్తానికీ కేంద్రం: "పూతలో పొడే లేనప్పుడు కాయలో గింజలెట్టా వచ్చినయి సార్?"

జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు: పొడి పక్క కొమ్మ నుంచి వచ్చింది. నిమ్మజాతి పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది కనుక గాలికి పెద్దగా ఎగరదు, తేనెటీగలే దాన్ని మోస్తాయి. సొంత పుప్పొడి లేని పువ్వులో కూడా తేనె ఉంటుంది, తేనె కోసం ఈగ వస్తుంది, వచ్చేటప్పుడు పక్క చెట్టు పొడిని కాళ్లకు అంటించుకుని వస్తుంది. అండాలు ఆరోగ్యంగా ఉంటే గింజ కడుతుంది. అందువల్ల పురుష వంధ్యత్వం ఒక్కటే గింజలేని కాయను ఇవ్వదు. దానితోపాటు ఫలదీకరణ లేకుండానే పిందె నిలిచే గుణం, అంటే అనిషేక ఫలనం, తప్పనిసరిగా ఉండాలి. చుట్టూ పుప్పొడి ఉన్న చెట్లు ఉంటే అండాల వైపు కూడా ఏదో ఒక లోపం ఉండి తీరాలి. ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించకుండా ఏ చెట్టునైనా గింజలేని రకంగా నిర్ణయించడం సరికాదన్నది నా అభిప్రాయం. మన నిమ్మ, బత్తాయి తోటల్లో పుప్పొడి ఉన్న చెట్లు అడుగడుగునా ఉంటాయి కనుక ఇక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరం.

పొదలకూరు చెట్టు

నెల్లూరు జిల్లాలో నిమ్మను ఎక్కువగా గింజ నుంచే పెంచుతారు. దానికి మంచి కారణమే ఉంది. నిమ్మ గింజలో సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఉంటాయి. వాటిలో అధిక భాగం ఫలదీకరణ వల్ల కాక, అండంలోని తల్లి కణజాలం నుంచే పుడతాయి. కాబట్టి గింజ మొక్కల్లో ఎక్కువ శాతం తల్లి చెట్టుకు నకళ్లే. అయితే నిమ్మలో ఈ బహుపిండత సంపూర్ణం కాదు. నారుమడిలో అక్కడక్కడా నిజమైన సంకర మొక్కలు కూడా లేస్తాయి. అలవాటైన నర్సరీదారులు వాటిని తేడా మొక్కలుగా గుర్తించి ఏరి పారేస్తారు.

ఈ చెట్టు అలా ఏరివేతకు గురికావలసిన మొక్కే. రైతు చెప్పినదాని ప్రకారం అది నారుమడిలో తక్కిన వాటి కంటే చిన్నదిగా, ఆలస్యంగా ఎదిగింది. వరుసలో ఒక మొక్క చనిపోతే ఖాళీ పూడ్చడానికి దాన్ని నాటారు. కాండం మొదట్లో అంటు కట్టిన గుర్తు ఎక్కడా లేదు. ఆకు మందంగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. ఆకు కాడకు రెండు వైపులా ఉండే రెక్క కాస్త వెడల్పుగా కనిపిస్తుంది. ముళ్లు పొట్టివి. కాయ తోటలోని సగటు కాయ కంటే కొంచెం పెద్దది, తోలు కొంచెం మందం.

పరీక్ష పూతతో మొదలైంది. ఈ ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉండటం వల్ల చెట్టును ఎండగట్టి వేసవి కాపుకు పూత రప్పించడం కష్టం, ఎక్కువ పూత జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వస్తుంది. ఆ పూతలో మరుసటి రోజు విచ్చుకోబోయే, బుడగలా ఉబ్బిన మొగ్గలను తీసుకున్నాం. పక్కనున్న మామూలు నిమ్మచెట్టు పువ్వులో ఇరవైకి పైగా కేసరాలు కీలాగ్రం చుట్టూ గుండ్రంగా నిలబడి ఉంటాయి. ఎండ కాస్త ఎక్కాక వాటి పరాగకోశాలు నిలువునా చీలి పసుపు పొడి బయటికి వస్తుంది. పరీక్షిస్తున్న చెట్టులో అవే కేసరాలు ఉన్నాయి కానీ పరాగకోశాలు మీగడ రంగులో ఉండి చీలలేదు. రెండో రోజుకు గోధుమ రంగుకు తిరిగి, చీలకుండానే ఎండిపోయాయి.

పరాగకోశాన్ని గాజు పలక మీద చిదిపి ఎసిటోకార్మిన్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశాం. బతికున్న రేణువు గుండ్రంగా నిండి ఎర్రగా రంగు పట్టాలి. మామూలు చెట్టు రేణువులు అలాగే కనిపించాయి. ఈ చెట్టులో రేణువులు బాగా తక్కువగా ఉండటమే కాక, ఉన్నవాటిలో ఎక్కువ భాగం రంగు పట్టకుండా, నొక్కుకుపోయి, లోపల ఏమీ లేని పెంకుల్లా ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి వాటి పరిమాణం: కొన్ని మామూలు రేణువుల కంటే పెద్దవి, కొన్ని చాలా చిన్నవి. రంగు పరీక్ష ఒక్కొక్కసారి చనిపోయిన రేణువును కూడా బతికినదిగా చూపుతుంది కనుక, చక్కెర, బోరిక్ ఆమ్లం, కాల్షియం నైట్రేట్ కలిపిన ద్రావణంలో మొలక పరీక్ష కూడా చేశాం. ఈ చెట్టు రేణువుల్లో మొలక గొట్టం దాదాపు కనిపించలేదు.

రేణువుల పరిమాణంలో ఇంత తేడా కనిపించినప్పుడు పరాగకోశం గోడలో లోపం వెతకడం కన్నా కణవిభజన దగ్గరికి వెళ్లడం మంచిది. ఇంకా కొన్ని మిల్లీమీటర్ల పొడవే ఉన్న లేత మొగ్గలను మూడు పాళ్లు ఇథైల్ ఆల్కహాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నిలవ చేసి, పుప్పొడి మాతృకణాల్లో క్రోమోజోములు సగానికి తగ్గే క్షయకరణ విభజనను చూశాం. మామూలు నిమ్మలో 18 క్రోమోజోములు తొమ్మిది జతలుగా కూడి, సమానంగా విడిపోయి, ఒక్కో మాతృకణం నుంచి నాలుగు చక్కటి కణాలు వస్తాయి. ఈ చెట్టులో క్రోమోజోములు కొన్ని మూడేసి కలిసి, కొన్ని రెండేసి కలిసి, కొన్ని ఒంటరిగా మిగిలి ఉన్నాయి. విడిపోయే దశలో కొన్ని ఏ ధ్రువానికీ చేరకుండా మధ్యలో వెనకబడ్డాయి. చివరికి నాలుగు కణాల గుంపుకు బదులు అయిదు, ఆరు కణాల గుంపులు, వాటి పక్కన చిన్న చిన్న కేంద్రకాలు కనిపించాయి. లేత చిగురు కొనల్లో క్రోమోజోములను లెక్కిస్తే 27 వచ్చాయి. చెట్టు త్రయస్థితికం, అంటే ప్రతి రకం క్రోమోజోమూ రెండుకు బదులు మూడేసి ఉన్నది. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు మామూలు చెట్టు కంటే పెద్దవిగా ఉండటం కూడా దీనికి సరిపోయింది, అయితే దాన్ని నేను సూచనగా మాత్రమే తీసుకుంటాను, రుజువుగా కాదు.

త్రయస్థితికంలో పుప్పొడి ఎందుకు చెడుతుందో చిన్న లెక్కతో చూపవచ్చు. నిమ్మజాతిలో మూల క్రోమోజోముల సంఖ్య 9. మూడేసి ఉన్న తొమ్మిది రకాల క్రోమోజోముల్లో ప్రతి రకం నుంచి ఒక ధ్రువానికి ఒకటి, మరో ధ్రువానికి రెండు వెళతాయి. ఏ రకం ఎటు రెండుగా వెళుతుందన్నది యాదృచ్ఛికం. ఏదైనా ఒక కణానికి అన్ని రకాలూ ఒక్కొక్కటిగా చేరి కచ్చితంగా 9 రావడానికి, లేదా అన్నీ రెండేసిగా చేరి కచ్చితంగా 18 రావడానికి ఉన్న అవకాశం 256లో 1 మాత్రమే. మిగతా కణాలన్నీ కొన్ని క్రోమోజోములు ఎక్కువగా, కొన్ని తక్కువగా ఉన్న అసమతుల్య కణాలే. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ లెక్క పుప్పొడికే పరిమితం కాదు. అండాలు ఏర్పడేటప్పుడు కూడా ఇదే విభజన జరుగుతుంది, ఇదే అసమతుల్యత వస్తుంది. అందువల్ల త్రయస్థితిక చెట్టులో పురుష వంధ్యత్వం, స్త్రీ వంధ్యత్వం ఒకే కారణానికి పుట్టిన రెండు ఫలితాలు. చుట్టూ పుప్పొడి నిండిన నిమ్మచెట్లు ఉన్నా ఆ చెట్టు కాయల్లో గింజలు పడకపోవడానికి అసలు కారణం అండాల వైపు లోపమే. పుప్పొడి లేకపోవడం ఆ లోపాన్ని మన కంటికి చూపించిన సంకేతం.

ఈ నిర్ధారణను పొలంలోనే మరోవైపు నుంచి పరీక్షించాం. కొన్ని మొగ్గల కేసరాలు తీసేసి, కీలాగ్రం మీద బత్తాయి పుప్పొడి, దబ్బ పుప్పొడి చేతితో దండిగా పూసి సంచి కట్టాం. మరికొన్నింటి కేసరాలు తీసేసి ఏ పుప్పొడీ పూయకుండా సంచి కట్టాం. పుప్పొడి పూసిన పూల కాయల్లో కూడా పలచని పొట్టు లాంటి గింజల ఆనవాళ్లు, ఎక్కడో ఒక నిండు గింజ తప్ప ఏమీ లేవు. పుప్పొడి పూయని పూలలోనూ పిందెలు నిలిచాయి. అంటే ఈ చెట్టుకు అనిషేక ఫలనం ఉంది, అండాల వంధ్యత్వం కూడా ఉంది. మూడు షరతులూ ఒక్క చెట్టులో కుదిరాయి.

ఈ చెట్టు తాహితీ నిమ్మే కాదు కదా అన్న అనుమానం సహజం. తాహితీ నిమ్మ కూడా 27 క్రోమోజోములున్న త్రయస్థితికమే, గింజలేనిదే. అయితే రెండింటి వంశం వేరు. మన నిమ్మ పపేడా జాతికి చెందిన మైక్రాంథా, మాదీఫలం కలిసి పుట్టిన సంకరం. తాహితీ నిమ్మ, మన నిమ్మకు భిన్నమైన లెమన్ జాతి అండం, మన నిమ్మ నుంచి వచ్చిన, క్రోమోజోములు సగానికి తగ్గని పుప్పొడి కలవడం వల్ల పుట్టినది. లెమన్ పుల్ల నారింజ, మాదీఫలాల సంతానం కనుక తాహితీలో పంపరపనస, కమలా మూలపు జన్యు గుర్తులు కూడా కనిపిస్తాయి. పొదలకూరు చెట్టులో అవి లేవు, మైక్రాంథా, మాదీఫలం గుర్తులే ఉన్నాయి. గింజ నుంచి లేచిన మొక్క అన్న రైతు మాటకు ఇది సరిపోయింది. నిమ్మ అండం ఒకటి క్రోమోజోములను సగానికి తగ్గించుకోకుండా 18తోనే నిలిచి, మామూలు పుప్పొడి నుంచి 9 తీసుకున్నప్పుడు 27 వస్తాయి. అలాంటి గింజలో పిండం త్రయస్థితికంగా, దాన్ని పోషించే అంకురచ్ఛదం అయిదు రెట్లుగా ఉంటుంది. అవి మామూలు గింజల కంటే బాగా చిన్నవిగా ఉంటాయన్నది నిమ్మజాతి ప్రజననంలో బాగా తెలిసిన సంగతి. నారుమడిలో ఈ మొక్క చిన్నగా, ఆలస్యంగా ఎదిగిందన్న మాటను ఈ వెలుగులో చూడాలి. నారుమడిలో బక్కగా ఉన్న ప్రతి మొక్కా ఇలాంటిదే కాదు, కానీ గింజలేని నిమ్మ కోసం వెతికేవారు చిన్న గింజలను విడిగా విత్తి చూడటం తగిన పని.

కనిగిరి కొమ్మ

బత్తాయి చెట్టు విషయంలో మొదటి ఆధారం కంటికే దొరికింది. మార్పు చెట్టు మొత్తానికి లేదు, ఒక్క పెద్ద కొమ్మకే పరిమితం. మిగతా చెట్టు సాత్‌గుడి బత్తాయే, అందులో పుప్పొడి సమృద్ధిగా ఉంది. అంటే ఇది మొగ్గ దశలో శరీర కణాల్లో వచ్చిన ఉత్పరివర్తనం, అంటే జన్యు మార్పు. నిమ్మజాతి చిగురు కొనలో కణాలు పొరలుగా అమరి ఉంటాయి. పుప్పొడి, అండాలు రెండో పొర నుంచే పుడతాయి. కాబట్టి ఆ పొరలో మార్పు రాకుండా ఈ లక్షణం కనిపించే వీలు లేదు.

క్రోమోజోములు 18. క్షయకరణ విభజన తొమ్మిది జతలతో సక్రమంగా సాగి, నాలుగేసి కణాల గుంపులు చక్కగా ఏర్పడ్డాయి. చెడిపోవడం ఆ తరువాత జరిగింది. నాలుగు కణాలు విడివడి ఒక్కొక్కటి రేణువుగా పెరగవలసిన దశలో లోపలి పదార్థం కుంచించుకుపోయి గోడలు ముడుచుకున్నాయి. ఇది త్రయస్థితికంలో కనిపించే రేణువుల చిత్రానికి పూర్తిగా భిన్నం. ఇక్కడ రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండి, అన్నీ ఒకే దశలో చనిపోయాయి.

క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారిన సందర్భంలో కూడా పుప్పొడి చెడుతుంది. గామా కిరణాలతో పుట్టించిన గింజలేని రకాల్లో ఇలాంటి మార్పులే తరచుగా కారణమవుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖ డబ్ల్యూ. మర్కాట్ అనే కమలా రకం కన్నులకు గామా కిరణాలు ఇచ్చి రూపొందించి 2006లో విడుదల చేసిన టాంగో కమలాను ఉదాహరణగా చెప్పవచ్చు. డబ్ల్యూ. మర్కాట్ తోటలకు పూత కాలంలో తేనెటీగలు రాకుండా వలలు కప్పవలసి వస్తుంటే, టాంగో పక్కన పుప్పొడి ఉన్న చెట్లు ఉన్నా గింజలు అరుదుగానే కడతాయి. కనిగిరి కొమ్మ ఆ కోవకు చెందదు. క్రోమోజోముల ముక్కలు మారి ఉంటే అండాలు కూడా కొంతమేరకు చెడిపోయి గింజల సంఖ్య తగ్గాలి. ఈ కొమ్మ కాయల్లో గింజలు తగ్గలేదు. అలాంటి మార్పుకు గుర్తులైన వంతెనలు గానీ, నాలుగేసి క్రోమోజోముల ఉంగరాలు గానీ విభజన దశలో కనిపించలేదు. కాబట్టి లోపం పరాగకోశానికే పరిమితమైన ఏదో ఒక జన్యువుకు సంబంధించినది. ఎదిగే రేణువులకు పోషకాలు అందించే టపీటం అనే లోపలి పొర పనిలోనో, రేణువు గోడ నిర్మాణంలోనో తేడా వచ్చిందని అనుకోవడానికి ఈ దశ సరిపోతుంది.

ఒక్క మార్పుతో ఇంత స్పష్టమైన లక్షణం ఎలా కనిపించింది అన్నది ఇక్కడ నాకు చాలా ఆసక్తి కలిగించిన ప్రశ్న. క్రోమోజోములు జతలుగా ఉండే ద్వయస్థితికంలో ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది. ఒక ప్రతి చెడినా రెండోది పని నడుపుతుంది. కనుక మామూలుగా ఒక్క శరీర కణపు మార్పు బయటపడదు. బయటపడాలంటే మూడు దారులున్నాయి. చెడిన ప్రతి బహిర్గత స్వభావం కలదై, అంటే ఒక్కటే ఉన్నా గుణం బయటపడేదై, ఉండాలి. లేదా రెండో ప్రతి ముందు నుంచే చెడి ఉండి, మిగిలిన మంచి ప్రతి ఇప్పుడు పోయి ఉండాలి. లేదా మార్పు కేంద్రకంలో కాక మైటోకాండ్రియాలో వచ్చి ఉండాలి. రెండో దారి బత్తాయి విషయంలో బొత్తిగా అసాధ్యం కాదు. బత్తాయి పంపరపనస, కమలా జాతుల కలయికతో పుట్టిన సంకరం. దాని రెండు ప్రతుల మధ్య ఎన్నో చోట్ల తేడాలున్నాయి, అందులో ఒకటి పనిచేయనిదై ఉండే జన్యువులు చాలానే ఉండవచ్చు.

కొమ్మ పూలకు కూడా సంచి పరీక్ష చేశాం. కేసరాలు తీసి, పుప్పొడి పూయకుండా సంచి కట్టిన పూలలో అధిక భాగం పిందె దశలోనే రాలిపోయాయి. నిలిచిన కొద్ది కాయల్లో గింజలు లేవు. అంటే ఈ కొమ్మకు అనిషేక ఫలనం ఉంది కానీ బలహీనం. దీని కన్నులతో నాటిన వరుసను పుప్పొడి ఉన్న బత్తాయిలకు దూరంగా, ఒంటరిగా పెంచితే గింజలు తగ్గుతాయి, దానితోపాటు కాపు కూడా తగ్గుతుంది. పక్కన మామూలు బత్తాయి ఉంటే కాపు నిలుస్తుంది, గింజలూ నిలుస్తాయి. రైతుకు ఈ రెండింటిలో ఏదీ లాభం కాదు. వాషింగ్టన్ నేవల్ నారింజలో కూడా పుప్పొడి పనిచేయదు, కానీ దానిలో అండాలు కూడా చాలావరకు క్షీణిస్తాయి, పిందె బలంగా నిలుస్తుంది. అందువల్లే అది గింజలేని రకంగా నిలబడింది. కనిగిరి కొమ్మను నేవల్‌తో పోల్చి ఆశ పెట్టుకోవద్దని రైతుకు చెప్పడానికి ఈ తేడానే ఆధారంగా తీసుకున్నాను.

రకంగా కాకపోయినా ప్రజననంలో తల్లిగా

కనిగిరి కొమ్మ రకంగా పనికిరాకపోయినా, ప్రజననకారుడికి విలువైనది కావచ్చు. అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే జపాన్ అనుభవం చూడాలి. అక్కడి సత్సుమా కమలాలో పరాగకోశాలు క్షీణించి పుప్పొడి బాగా తక్కువగా ఉంటుంది, పిందె పుప్పొడి లేకుండానే గట్టిగా నిలుస్తుంది. సత్సుమా కిషు కమలా తల్లిగా, కునెన్‌బో అనే మరో రకం తండ్రిగా పుట్టిందని జన్యు గుర్తుల పరిశీలనతో అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. దాని పురుష వంధ్యత్వంలో రెండు భాగాలున్నాయి. ఒకటి తల్లి వైపు కణద్రవ్యం నుంచి, అంటే మైటోకాండ్రియా నుంచి వస్తుంది. రెండోది కేంద్రక జన్యువులది. పరాగకోశంలో ఎన్ని రేణువులు ఏర్పడతాయి, వాటిలో ఎన్ని పనిచేస్తాయి అన్నవాటిని విడివిడిగా కొలిచి, వాటికి సంబంధించిన జన్యు స్థానాలను క్రోమోజోముల మీద గుర్తించారు. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి తెలిసినవారికి ఈ సంగతి కొత్తగా అనిపించదు. అక్కడ కూడా కణద్రవ్యం పుప్పొడిని ఆపుతుంది, కేంద్రకంలో పునరుద్ధరణ జన్యువు ఉంటే పుప్పొడి మళ్లీ వస్తుంది.

మైటోకాండ్రియా పాత్రకు బలమైన రుజువు చైనా నుంచి వచ్చింది. అక్కడ హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గింజలు దండిగా ఉండే పంపరపనస రకం కణాలను, సత్సుమా కణాలతో కలిపి, కేంద్రకం పంపరపనసది, మైటోకాండ్రియా సత్సుమాది ఉన్న మొక్కలను రూపొందించారు. కేంద్రకం మారకపోయినా ఆ మొక్కల్లో పుప్పొడి పోయింది. కాయ గింజలేనిదైంది. పంపరపనస తన పుప్పొడిని తానే తిరస్కరించే జాతి, పిందె ఫలదీకరణ లేకుండా నిలిచే గుణం కూడా దానికి ఉంది కనుక అక్కడ అది సాధ్యమైంది.

జపాన్‌లో అసలు ఇబ్బంది మరోచోట వచ్చింది. సత్సుమా గింజలో బహుపిండత ఉంది. దాన్ని తల్లిగా పెట్టి సంకరం చేస్తే లేచే మొక్కల్లో ఎక్కువ భాగం సత్సుమా నకళ్లే. తండ్రిగా పెడదామంటే పుప్పొడి లేదు. పురుష వంధ్యత్వం, బహుపిండత రెండూ ఒక్క చెట్టులో ఉంటే ఆ గుణం తరువాతి తరానికి అందడం ఎంత కష్టమో ప్రజననంలో ఉన్నవారికి తెలుసు. 1949లో ఒకిత్సు పరిశోధనా కేంద్రంలో సత్సుమా మీద ట్రోవిటా నారింజ పుప్పొడితో చేసిన సంకరం నుంచి, 1979లో కియోమి అనే రకం పేరు పొందింది. కియోమి నిజమైన సంకరం, పురుష వంధ్యత్వం కలది, గింజలో ఒక్కటే పిండం ఉంటుంది. ఒక్కటే పిండం కావడం వల్ల దాన్ని తల్లిగా పెడితే ప్రతి గింజా సంకరమే అవుతుంది, ప్రతి గింజా సత్సుమా కణద్రవ్యాన్ని మోస్తుంది. ఆ తరువాతి గింజలేని జపాన్ రకాల్లో అనేకం కియోమి సంతానంగా రావడానికి ఇదే కారణం. షిరానుయి అనే రకం 1972లో కియోమిని తల్లిగా పెట్టి చేసిన సంకరమే. కియోమి అండాలు ఆరోగ్యంగా ఉండటమే దాన్ని మంచి తల్లిగా చేసింది. అంటే తోటలో గింజలు తెచ్చిపెట్టే గుణమే ప్రజనన కేంద్రంలో అవసరమైంది.

కనిగిరి కొమ్మ పరిస్థితి సత్సుమాదే. బత్తాయిలో బహుపిండత ఎక్కువ. 2017లో చైనా శాస్త్రవేత్తలు నిమ్మజాతి బహుపిండతను ఒక జన్యువు ముందు భాగంలో చేరిన చిన్న డి.ఎన్.ఏ. ముక్కతో ముడిపెట్టారు. ఆ ముక్క ఉన్న జాతుల్లో తల్లి కణజాలం నుంచి పిండాలు పుడతాయి. బత్తాయిలో అది ఉంది, పంపరపనసలో లేదు. కాబట్టి ఈ కొమ్మ గింజలు విత్తితే లేచేవన్నీ ఇంచుమించు కొమ్మ నకళ్లే. ఆ నకళ్లకూ ఒక ఉపయోగం ఉంది: అవి కూడా రెండో పొర నుంచే పుడతాయి కనుక, పొరల కలయిక లేని, పూర్తిగా మారిన చెట్లు దొరుకుతాయి. కానీ వంశపారంపర్యం తెలియాలంటే సంకర మొక్కలే కావాలి.

ఆ సంకర మొక్కలను ఏరడానికి మూడాకుల నారింజ పుప్పొడిని ఎంచుకున్నాం. దాని మూడాకుల గుణం బహిర్గతం. బత్తాయి మీద ఆ పుప్పొడి పూస్తే, నారులో మూడేసి ఆకులతో లేచే ప్రతి మొక్కా సంకరం, ఒంటి ఆకుతో లేచేది తల్లి నకలు. ఎలాంటి ప్రయోగశాల లేకుండా నారుమడిలోనే కంటితో ఏరవచ్చు. మూడాకుల నారింజ చలి ప్రాంతపు చెట్టు కనుక మన మైదానాల్లో పూత మీద ఆధారపడలేం. పుప్పొడిని సిలికా జెల్‌తో ఆరబెట్టి, చల్లగా నిలవ చేసి తెచ్చుకోవడమే మార్గం. పుప్పొడి లేని నారింజ జాతిని తల్లిగా పెట్టి ఈ సంకరం చేయడం కొత్తేమీ కాదు. ఇప్పుడు వేరు మూలంగా, అంటే అంటు కట్టే అడుగు మొక్కగా, ప్రపంచమంతా వాడే కారిజో సిట్రేంజ్ 1909లో అమెరికా వ్యవసాయ శాఖ వాషింగ్టన్ నేవల్ మీద మూడాకుల నారింజ పుప్పొడితో చేసిన సంకరం నుంచి వచ్చినదే.

ఆ మొక్కలు పూతకు వచ్చినప్పుడు పరాగకోశాలు మూడు రకాలుగా సమాధానం చెప్పగలవు. మూడాకుల మొక్కల్లో దాదాపు సగం పుప్పొడి లేనివైతే, లోపం కేంద్రకంలోని బహిర్గత జన్యువుది. అన్నింటిలోనూ పుప్పొడి బాగుంటే, రెండు ప్రతులూ చెడినప్పుడే కనిపించే అంతర్గత లోపం అయి ఉండాలి, లేదా మూడాకుల నారింజ నుంచి పునరుద్ధరణ జన్యువు వచ్చి ఉండాలి. ఈ రెండింటినీ తరువాతి తరంలో వేరు చేయాలి. అన్నింటిలోనూ పుప్పొడి లేకపోతే కణద్రవ్యం వైపు అనుమానం బలపడుతుంది. అప్పుడు ఈ కొమ్మ విలువ చాలా పెరుగుతుంది, ఎందుకంటే కణద్రవ్యపు గుణాన్ని తల్లి వైపు నుంచి తరతరానికీ తప్పకుండా అందించవచ్చు.

రైతులకు చెప్పిన నిర్ణయాలు

పొదలకూరు చెట్టు నిజంగా గింజలేనిదే అయినా, వెంటనే కన్నులు తీసి మొక్కలు కట్టవద్దని రైతును ఒప్పించవలసి వచ్చింది. గింజ నుంచి పెంచిన నిమ్మకు పెద్ద మేలు ఒకటుంది: నిమ్మజాతి చెట్లను దెబ్బతీసే ట్రిస్టెజా వైరస్ సాధారణంగా గింజ ద్వారా రాదు. గింజలేని చెట్టుకు ఆ రక్షణ ఉండదు, అంటు తప్ప వేరే దారి లేదు. ట్రిస్టెజాను గుర్తించడానికి సూచక మొక్కగా వాడేది మన నిమ్మనే, అంతగా అది ఆ వైరస్‌కు లొంగుతుంది. ఏళ్ల తరబడి పొలంలో ఉన్న చెట్టు కన్నులో ఆ వైరస్ ఉంటే, అంటు కట్టిన ప్రతి మొక్కకూ అదే చేరుతుంది. అందుకని అతి సన్నని చిగురు కొనను తీసి, ప్రయోగశాలలో పెంచిన లేత మొక్క మీద కట్టి, వైరస్ పరీక్షలో శుభ్రంగా తేలిన వాటినే తల్లి మొక్కలుగా పెంచుతున్నాం. వేరు మూలంగా రంగపూర్ నిమ్మ, జంబేరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. గజ్జి తెగులును ఈ చెట్టు ఎంతవరకు తట్టుకుంటుందో, మందపు తోలున్న కాయను పొదలకూరు మార్కెట్‌లో వ్యాపారులు ఏ ధరకు తీసుకుంటారో తేలేదాకా మొక్కల అమ్మకం లేదు. రైతు దీనికి ఒప్పుకున్నారు. నర్సరీ మాత్రం ఆగలేక వెనక్కి తగ్గింది.

కనిగిరి రైతు నాటించిన వరుసను పీకేయవద్దని చెప్పాను. అది కాపు తక్కువ ఇచ్చే మొక్క కాదు, పక్కనే మామూలు సాత్‌గుడి చెట్లు ఉన్నంతకాలం కాపు నిలుస్తుంది. గింజలేనిదని మాత్రం ఎవరికీ చెప్పి అమ్మకూడదు. ఆ వరుసలో చివరి చెట్లు కొన్నింటిని సంకరాల కోసం మాకు వదిలారు. మూడాకుల పుప్పొడి పూసి సంచి కట్టేది వాటి మీదే. తక్కిన వరుసకు ఆయన అందరిలాగే నీరు, ఎరువు పెట్టి, గింజలున్న బత్తాయిగానే పెంచుకుంటున్నారు.